దెబ్బ తగలనోడు

ఆదివారం కూడా ఒళ్ళు వాల్చనివ్వని సంసారం నాది. వారమంతా పొద్దున్నే మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరులో దిగుతాను. అక్కడ సర్కారు ఆసుపత్రిలో నర్సును. సాయంత్రం అదే దారిన, చాలాసార్లు నిలబడే, ఇంటికొస్తాను. ఆడవాళ్ళకు టికెట్టు లేకుండా చేసినప్పటి నుంచి సీటు దొరకడం తిరుపతి దర్శనం దొరికినట్టే. నెలకొక ఆదివారం మాత్రం పుంగనూరులో దిగే పనుండదు. అదే దారిలో ఇంకా ముందుకు, పలమనేరు దాటి, వి.కోట దాటి, కుప్పం దాకా పోవాలి. అక్కడ మా అన్న ఉంటాడు. మా ఆయన మా అన్నతో వాదం పెట్టుకోవాలి. ఆ వాదం నేను వినాలి. ఆదివారమొస్తే పెళ్ళాన్ని హార్స్లీ హిల్స్‌కు తీసుకుపోయే మొగుళ్ళు కూడా మదనపల్లెలో ఉన్నారు. మా ఆయన మాత్రం దీన్నే సెలవు అంటాడు.

వాదం ఆస్తి గురించయితే ఎప్పుడో ఒక కొలిక్కి వచ్చేది. మా నాయన కూలి చేసి బతికినవాడు, పంచుకోవడానికి మాకేమీ మిగల్చలేదు, కాబట్టి ఆ తలనొప్పి లేదు. వీళ్ళ వాదమంతా ఒక బాక్సర్ గురించి. వాడెక్కడో సముద్రాల అవతల ఉంటాడు. ఈ కాలంవాడు. ఒక్క పోటీ కూడా ఓడనివాడు. వాడు పాతకాలపు మహామహుల వరుసలో నిలబడదగ్గవాడా, కాదా? ఇంతే. ఈ ఒక్క ప్రశ్న మీద మా ఆయనా మా అన్నా ఏళ్ళ తరబడి నోళ్ళు నొప్పి పుట్టేలా వాదించుకున్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను ఎన్నిసార్లు అన్నానో. ఆ బాక్సర్‌కు కుప్పం అనే ఊరొకటుందని కూడా తెలియదు. మా ఇంట్లో వాడికి పేరు కూడా లేదు. మా అన్న వాణ్ని కొత్తోడు అనేవాడు. వాడికంటే ముందు పుట్టిన గొప్పవాళ్ళందరూ కలిపి పాతోళ్ళు. మా ఆయనది కొత్తోని పక్షం, మా అన్నది పాతోళ్ళ పక్షం.

ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. మా ఆయన మదనపల్లె బస్సు డిపోలో మెకానిక్కు. బాక్సింగ్ ఎప్పుడూ ఆడలేదు. దోమను కొట్టబోయి తన చెంపే వాయించుకునే మనిషి. కానీ టీవీలోనూ, తర్వాత ఫోన్లోనూ చూసి చూసి అందులో పండితుడైపోయాడు. నన్ను చూడడానికి వచ్చిన రోజు నాతో మాట్లాడింది తక్కువ, మా అన్న ముక్కు ఎట్లా వంకర పోయిందో అడిగి తెలుసుకున్నది ఎక్కువ. పెళ్ళికి ఒప్పుకున్నది నన్ను చూసా, మా అన్నను చూసా అని నేను ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటాను.

మా అన్న మాత్రం నిజంగా రింగులో నిలబడినవాడు. మీసాలు సరిగ్గా రాకముందే మిలిటరీలో చేరాడు. బాక్సింగ్ మీద మోజుండి కాదు. పటాలం టీములో ఆడేవాళ్ళకు గుడ్లు, పాలు ఎక్కువ ఇస్తారని ఎవరో చెప్తే పేరిచ్చాడు. మా ఇంట్లో అప్పుడు గుడ్డంటే పండగనాడు కూడా తలా సగమే. "మొదట గుడ్డు కోసం దెబ్బలు తింటి పాపా, పోను పోను దెబ్బల కోసం గుడ్డు తింటి" అని నవ్వేవాడు. నాకు తల నెరిసినా ఆయనకు నేను పాపనే. సెలవుకొచ్చిన ప్రతిసారీ ఆయన మొహంలో ఏదో ఒకటి మారి ఉండేది. ఒకసారి ముక్కు, ఒకసారి కనుబొమ మీద కుట్లు, ఒకసారి ముందు పన్ను. మా అమ్మ ఆ మొహాన్ని తడుముతూ ఏడిస్తే, "నన్ను కొట్టినోని మొగం నువ్వు సూడలేదు కదా, సూస్తే వాని కోసం ఏడుస్తావు" అని ఆమెను నవ్వించేవాడు. రెండు తిని ఒకటి గట్టిగా ఇవ్వడం ఆయన పద్ధతి. మిలిటరీ అయిపోయినాక కుప్పంలో ఒక బ్యాంకు వాకిట్లో తుపాకి పట్టుకుని నిలబడ్డాడు. అక్కడ కూడా రిటైరయ్యాడు. పిల్లలు లేరు. ఇల్లు, మా వదిన, నెలకొకసారి మేము, ఇంతే ఆయన లోకం.

మా ఆయన వాదం ఎప్పుడూ ఒకటే చోట మొదలయ్యేది.

"బావా, ఆట పేరేంది? కొట్టేది, కొట్టించుకోకుండా ఉండేది. కొత్తోణ్ణి సూడు. అన్ని రౌండ్లు ఆడి దిగినా మొగాన గీత ఉండదు. ఎదుటోడు గాలిని కొట్టి కొట్టి అలిసిపోతాడు. ఇంతకంటే గొప్పతనం యాడుంటాది? దెబ్బలు తినేదే గొప్పయితే మా డిపోలో టైర్లన్నీ సాంపియన్లే."

మా అన్న తొందరపడేవాడు కాదు. మీసం మీద చెయ్యి పెట్టుకుని అనేవాడు. "టైరు మాట బాగుండాది బావా. కానీ వాడు ఎవుర్తో ఆడినాడో సూడు. గట్టోణ్ణి ముసలోడయినాక పిలిసినాడు. ఇంకొకణ్ణి గాయమయినాక పిలిసినాడు. ఏడాదికొకసారి రింగెక్కుతాడు, అదీ మనసైతే. పాతోళ్ళు ఒక ఫైటు వాపు దిగకముందే ఇంకో ఫైటుకు పోయేవాళ్ళు. అంతెందుకు, కొత్తోడు ఒక్కసారయినా కింద పడినాడా?"

"పడలేదు. నేను సెప్పేదీ అదే కదా."

"నేను సెప్పేదీ అదే. పడి లేసినప్పుడే మనిషెవుడో తెలిసేది. పడనోడు ఎవుడో వానికే తెలీదు. అట్లాంటోణ్ణి తీసుకపోయి పాతోళ్ళ పక్కన ఎట్ల కూర్సోబెడతావు?"

ఇక అక్కడి నుంచి చేతి తొడుగుల బరువు, డాక్టర్లు, వీడియోలు పెట్టుకుని ఎదుటివాణ్ని చదువుకునే ఈ కాలపు సౌకర్యాలు, అన్నీ వచ్చేవి. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు, దీనికి తెగడమెక్కడిది అని నేను విసుక్కుంటే, ఇద్దరూ ఒకటై నన్ను చూసి నవ్వేవాళ్ళు. ఆ ఒక్క విషయంలో మాత్రం వాళ్ళకు రాజీ ఉండేది.

ఈ వాదానికి ఒక కట్టుబాటు ఉంది. అది మా అన్న మిలిటరీ నుంచి తెచ్చింది. అక్కడ వాళ్ళకు ఆట నేర్పిన పెద్దాయన్ని ఉస్తాద్ అనేవాళ్ళట. పోటీకి ముందురోజు ఆ ఉస్తాద్ ఎవరినీ తమ ఆట ఆడనిచ్చేవాడు కాదట. రేపు ఎవడితో కొట్టుకోవాలో ఈ రోజు వాడిలాగా ఆడాలి. వాడి నడక నడిచి, వాడి చెయ్యి విసిరి, వాడి బుర్రలోకి దూరి బయటికొస్తేనే గానీ రింగులోకి పంపేవాడు కాదట. మా అన్న ఆ పద్ధతిని మాటలకు పెట్టాడు. ఎదుటివాడు చెప్పింది ముందు నువ్వు చెప్పాలి. వాడి పక్షాన నిలబడి, వీలైతే వాడికంటే బాగా చెప్పాలి. వాడు "ఊఁ, సరే" అన్నాకే నీ మాట ఎత్తాలి.

దీంతో పది నిమిషాల్లో తేలాల్సింది మధ్యాహ్నమంతా సాగేది. సంగటి కెలికి, కోడి కూర దించి, మా వదినా నేనూ వంటింట్లో ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళం. నాకు ఆకలి కంటే నిద్ర ఎక్కువగా ఉండేది. వదిన గోడకు ఆనుకుని వాళ్ళ మాటలు వింటూ తనలో తాను నవ్వుకునేది. ఆమెకు విసుగు రాకపోవడం చూసి నాకింకా విసుగొచ్చేది.

ఒక మాట చెప్పాలి. నాకు బాక్సింగ్ అంటే అసహ్యం. ఆట అంటే కూడా ఒప్పుకోను. తలకు దెబ్బ తగిలినవాళ్ళను నేను వార్డులో చూస్తాను. పలమనేరు రోడ్డు మీద బండి మీంచి పడి, ఒక్క దెబ్బకే తనెవరో మర్చిపోయిన మనిషికి నేను చెంచాతో గంజి పోశాను. మా అన్న అటువంటి దెబ్బలు ఎన్ని తిన్నాడో ఆయనకే తెలియదు. వాటి గురించి ఆయన నవ్వుతూ చెప్తుంటే, మా ఆయన నోరు తెరుచుకుని వింటుంటే, ఇద్దరినీ చెరొకటి వాయించాలనిపించేది.

మార్పును ముందు గమనించింది నేనే. గమనించకుండా ఉంటే బాగుండునని కూడా ఉండేది. వారమంతా అదే పని చేసి, ఇంట్లో మనిషిని కూడా రోగిని చూసినట్టు చూడాలంటే విరక్తి పుడుతుంది. టీ గ్లాసు పట్టుకుంటే ఆయన చెయ్యి వణికేది. అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చి, "తిన్న్యావా పాపా?" అని అడిగేవాడు. తిన్నానంటే తల ఊపి, కాసేపటికి మళ్ళీ అడిగేవాడు. వాకిలి గడియ వెయ్యడం రాక దాన్ని ఒకసారి తన్నాడు. మా అన్న కోపిష్టి కాదు. రింగు బయట ఎవరి మీదా చెయ్యెత్తి ఎరుగడు. గడియను తన్నిన రోజు నాకు భయమేసింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా ఆయనతో చెప్పాను. అన్నను డాక్టరుకు చూపించాలన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎప్పటిదో ఫైటు, యా రౌండులో ఎవుడు యా సెయ్యి ఎత్తినాడో పూసగుచ్చినట్ల సెప్తాండాడు. నిన్న కూరేం సేసినావో నీకు గుర్తుండాదా? ఎవురికి మతిమరుపు?"

మా ఇంటిల్లిపాదీ చేసిన పొరపాటు అదే. మామూలు ఇళ్ళల్లో మనిషి మతి ఎట్లా ఉందో ఉప్పూ కారం చూసి, దారీ తెన్నూ చూసి చెప్తారు. మేము బాక్సింగ్ చూసి చెప్పాము. మా అన్న మా ఆయన మాటను పొల్లు పోకుండా తిరిగి చెప్పగలిగినంత కాలం, ఆయనకేమీ కాలేదని అందరూ నమ్మారు. పాతవి చివరిదాకా ఉంటాయి, కొత్తవే ముందు పోతాయి అని నేను ఆసుపత్రి మాటలు చెప్తే ఎవరికీ ఎక్కలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

వదినను వంటింట్లో పట్టుకున్నాను. ఆమె ఉల్లిపాయ తరుగుతూ తలెత్తకుండానే వింది.

"దానికి పేరు పెట్టొద్దమ్మా" అంది. "పేరు పెడితే వచ్చి ఇంట్లో కూర్సుంటాది."

"పెట్టకపోయినా వచ్చినట్టే ఉండాది వదినా."

"ఉండనీ. నేను సూసుకుంటాండాను కదా."

ఆ తర్వాత నేనూ ఊరుకున్నాను. చదువుకున్నదాన్ని, నర్సును, ఇంకా గట్టిగా పట్టుబట్టవచ్చు. కానీ ఇంటిల్లిపాదిలో ఒక్కదాన్నే చెడ్డవార్త మోసుకు తిరగాలంటే ఓపిక ఉండాలి. ఆ ఓపిక నాకు పుంగనూరులోనే అయిపోయేది.

ఒకరోజు డ్యూటీలో ఉండగా మా ఆయన ఫోన్ చేశాడు. మా అన్న పలమనేరులో ఏదో పెళ్ళికి పోయి తిరిగొస్తూ వి.కోటలో దిగిపోయాడట. కుప్పం అనుకున్నాడో, మరేమనుకున్నాడో. బస్టాండులో ఎండ పడే బెంచీ మీద కూర్చునే ఉన్నాడట, వచ్చే బస్సులూ పోయే బస్సులూ చూస్తూ. టీ అంగడాయన దగ్గరికొచ్చి అడిగితే ఊరి పేరు చెప్పలేకపోయాడట. ఆయనే మా అన్న ఫోన్ తీసుకుని, చివరగా మాట్లాడిన నంబరుకు చేశాడు. అది మా ఆయనది. కొత్తోడి గురించి ముందురోజు కూడా మాట్లాడుకున్నారు కదా.

మా ఆయన డిపోలో చెప్పి పరిగెత్తాడు. అన్నను కుప్పంలో దిగబెట్టి, రాత్రి బాగా పొద్దుపోయాక ఇల్లు చేరాడు. నేను వాకిట్లోనే ఉన్నాను.

"ఏం కాలేదు, నిద్ర పట్టి ఊరు తెలీక దిగినాడంతే" అన్నాడు చెప్పులు విప్పుతూ. "బస్సులో కొత్తోని మింద ఒక కొత్త పాయింటు ఎత్తినాడు తెల్సా. నా దగ్గర జవాబు లేదు."

ఆయన మొహంలో సంతోషం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నం వడ్డించి, పోయి పడుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం ఎప్పటిలాగే పోయాం. ఎండగా ఉంది. వాకిట్లో వేపచెట్టు నీడన రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు ఇద్దరూ. నేను గుమ్మం మీద కూర్చుని కాళ్ళు చాపుకున్నాను. మా ఆయన తన మాట చెప్పాడు. కొట్టించుకోకుండా కొట్టడం, గాలిని కొట్టే ఎదుటివాడు, మొహాన గీత లేకపోవడం, నేను నిద్రలో కూడా అప్పజెప్పగలిగిన పాఠం. కట్టుబాటు ప్రకారం మా అన్న దాన్ని తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

చాలా బాగా చెప్పాడు. ఆ మధ్యకాలంలో ఆయన అంత నిబ్బరంగా మాట్లాడింది లేదు. "దెబ్బ తప్పించుకునేది పిరికితనం గాదప్పా. ఎదుటోడు సెయ్యి ఎత్తకముందే వాని మనసు సదవాల. అది కండ బలంతో అయ్యే పనా? కొత్తోడు కాళ్ళతో ఆలోసిస్తాడు. వానికి ఒక్క అడుగు సాలు." మా ఆయన మురిసిపోయాడు.

"ఊఁ, సరే బావా. నా మాట నాకంటే బాగా సెప్పినావు. ఇంక నీది సెప్పు."

మా అన్న ఆయన్ని వింతగా చూశాడు. "నాదేంది? ఇదే నాది."

"అది నాది బావా. నీది పాతోళ్ళ పక్షం."

"పాతోళ్ళదేముండాది, దెబ్బలు తినేది ఒక ఆటనా?" అన్నాడు మా అన్న. "నేనూ కొత్తోని మాదిరి ఆడినోణ్ణే కదా. అంత కాలం ఆడినాను. నన్ను ఎవుడు కొట్టినాడు? ఒక్కటి గూడా తగలనీలేదు."

వంకర ముక్కుతో, కనుబొమ మీద ఆ మచ్చతో, ముందు పన్ను లేని నోటితో, ఆ మాట అన్నాడు. తమాషాకు అనలేదు. తమాషా అయితే కళ్ళు చిట్లించేవాడు.

మా ఆయన ఏళ్ళ తరబడి వినాలని ఎదురుచూసిన మాట అది. పాతోళ్ళ పక్షం ఓడిపోయింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కుర్చీలో వెనక్కి ఆనుకుని నావైపు చూశాడు. ఆ చూపును నేను వార్డు బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళ దగ్గర చాలాసార్లు చూశాను. మీరైనా కాదని చెప్పండి సిస్టర్ అన్నట్టు చూస్తారు. నేను కాదని చెప్పలేదు. వదిన వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆమె ఆ మాటను అప్పటికే విని ఉంటుందని, ఎన్నోసార్లు విని ఉంటుందని నాకప్పుడు తెలిసింది.

తిరిగొచ్చేటప్పుడు వి.కోట దాటాక మా ఆయన, "బెంగుళూరులో ఎవురికి సూపించాలో కనుక్కో" అన్నాడు. సరేనన్నాను. ఇన్నాళ్ళూ నేను చెప్పిందే నిజమైందని నాకు ఏ కోశానా సంతోషం లేదు. అబద్ధమైతే బాగుండేది.

బెంగుళూరులో చూపించాం. స్కానింగులూ అవీ అయినాక డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచాడు. మెత్తగానే చెప్పాడు. తలకు మళ్ళీ మళ్ళీ తగిలిన దెబ్బలు ఎప్పుడో ఒకప్పుడు ఇట్లా బయటపడతాయట. మందులతో మతి పోయే వేగాన్ని తగ్గించవచ్చు గానీ పోయింది తిరిగి రాదట. మనుషులతో మాట్లాడుతూ ఉంటే మంచిదన్నాడు. మా వదిన చీరకొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది. ఆఖరున ఒకే ఒక ప్రశ్న అడిగింది, ఆయనకు నొప్పి తెలుస్తుందా అని. తెలియదని డాక్టరు చెప్తే, "అది సాలు" అంది.

ఆ తర్వాత రెండు మూడు ఆదివారాలు చాలా కష్టంగా గడిచాయి. అంతకుముందు వాదం ఎప్పుడు ఆగుతుందా అని కాచుకున్నదాన్ని, అది ఆగిపోయాక ఆ ఇంట్లో నిలవలేకపోయాను. మా అన్న కొత్తోడి పక్షానే ఉండిపోయాడు. మా ఆయనదీ అదే పక్షం. ఇద్దరూ ఒకే పక్కన నిలబడితే కొట్టుకోవడానికి ఎదురుగా మనిషి లేడు. "కొత్తోడు గొప్పోడు బావా" అని మా అన్న అంటే, "గొప్పోడే బావా" అని మా ఆయన అనేవాడు. అంతటితో అయిపోయేది. మా అన్న ఇంకా ఏదో రావాలన్నట్టు ఆయన మొహం వంక చూసి, రాకపోతే తల వంచుకుని చేతివేళ్ళు చూసుకుంటూ కూర్చునేవాడు. అట్లా కూర్చుంటే ఆయన మా కళ్ళముందే దూరమైపోతున్నట్టుండేది. ఇంకోసారి రావడం నావల్ల కాదని నేను మనసులో అనుకున్నాను. అది కూడా నిజమే.

తర్వాతి నెల బస్సులో మా ఆయన కిటికీలోంచి చూస్తూ పెదాలు కదుపుతున్నాడు. ఏంటని అడిగితే చెప్పలేదు. కుప్పం చేరి, కాళ్ళు కడుక్కుని, కుర్చీ లాక్కుని మా అన్నకు ఎదురుగా కూర్చున్నాడు.

"బావా, ఈ పొద్దు నీతో తేల్సుకోవాల" అన్నాడు. "కొత్తోడు ఒక్క దెబ్బ తినకుండా ఆడతాడు. ఎదుటోడు సెయ్యి ఎత్తకముందే వాని మనసు సదువుతాడు. కాబట్టి వాడు అందరికంటే గొప్పోడు. నీ మాట ఇదే కదా?"

మా అన్న నిటారుగా కూర్చున్నాడు. "ఊఁ, సరే."

"ఇప్పుడు నా మాట ఇను. నేను ఒప్పుకోను. పడి లేసినప్పుడే మనిషెవుడో తెలిసేది. పడనోడు ఎవుడో వానికే తెలీదు."

నేను గుమ్మం మీద నుంచి తలెత్తాను. అది మా అన్న మాట, మా అన్న గొంతు ఆగే చోటే ఆగి, అది లేచే చోటే లేచి, మా ఆయన నోట్లోంచి వస్తోంది. కట్టుబాటు కోసం ఇన్నేళ్ళూ అప్పజెప్పీ అప్పజెప్పీ ఆయనకు అది కంఠతా వచ్చేసింది. ముసలివాళ్ళను ఏరుకుని ఆడడం, ఏడాదికొకసారి రింగెక్కడం, వాపు దిగకముందే ఇంకో ఫైటుకు పోయిన పాతోళ్ళు, ఒక్కటీ వదల్లేదు. నాకు ఆ మనిషిని ఆ పూట చూసినంత ఇష్టంగా ఎప్పుడూ చూసిన గుర్తు లేదు.

మా అన్నకు ప్రాణం లేచొచ్చింది. తొడ మీద చరిచి, "దెబ్బలు తినేదే గొప్పయితే మీ డిపోలో టైర్లన్నీ సాంపియన్లే కదప్పా" అన్నాడు. ఆ మాట ఎవరిదో ఆయనకు తెలియదు. మా ఆయన మాత్రం దాన్ని మొదటిసారి విన్నట్టే నవ్వాడు.

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. మా ఆయనకు ఎక్కడ ఆగాలో తెలియదు. కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

"టైరు గాదు బావా, మనిషినే సెప్తా ఇను. ఒకడుండాడు. పేపర్లో రాలేదు, టీవీలో రాలేదు. మిలిటరీలో ఆడినాడు. ఫైనల్లో రెండుసార్లు కింద పడినాడు, రెండుసార్లూ లేసినాడు. ఒక కన్ను మూసకపోయింది. ఆఖరి రౌండు ఒంటి కంటితోనే ఆడినాడు. పాయింట్ల మింద ఓడిపోయినాడు. కానీ గెల్సినోనికి కప్పు తీసుకునేకి సెయ్యి లేయలేదు. ఈ ఓడినోడే పోయి, ఆ కప్పు పట్టుకోని, వాని సేతిలో పెట్టినాడు."

"యా ఊరోడు?" అన్నాడు మా అన్న.

"ఈ పక్కోడే."

"ఎవుడప్పా వాడు? నేనెప్పుడూ ఇనలేదే."

మా ఆయన వాడి పేరు చెప్పలేదు. "ఎవుడయితేనేం. కొత్తోడు గాదు, పాతోళ్ళూ గాదు, నాకు వాడే గొప్పోడు బావా. వాణ్ణి మించినోణ్ణి నేను సూడలేదు."

మా అన్న కట్టుబాటు ప్రకారం ఎదుటివాడి మాట తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. "రెండుసార్లు పడినాడు. రెండుసార్లూ లేసినాడు. కన్ను మూసకపోయింది. ఒంటి కంటితో ఆడినాడు. ఓడిపోయినాడు." ఒక్కొక్క మాటా తడుముకుంటూ చెప్పాడు. కప్పు దాకా వచ్చి ఆగాడు. ఇక తన పక్షం ఎత్తుకుంటాడని మేమంతా చూస్తున్నాం. వదిన కూడా తడి చేతులతో వచ్చి నా వెనక నిలబడింది.

ఆయన పక్షం ఎత్తుకోలేదు.

"పాపం" అన్నాడు. "అన్ని దెబ్బలు తింటే తల ఏమయిపోతాదప్పా? వాని పెండ్లాం ఎట్ల బతుకుతాండాదో ఏమో."

మా ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. వదిన కొంగుతో చేతులు తుడుచుకుని, గుమ్మం దిగి పోయి మా అన్న రెక్క పట్టుకుంది.

"బతుకుతాండాదిలే" అంది. "లేయండి, సంగటి సల్లారిపోతాది."